రాతికి రాయిని బిగించిన జాన్ స్మీటన్

మన రాయలసీమలో పాత కోటల చుట్టూ ఉన్న బండలను పరికించినవారికి కొన్ని రాళ్ల అంచున చిన్న చిన్న గుంటలు వరుసగా కనిపిస్తాయి. రాయి కొట్టేవారు ఆ గుంటలలో ఇనుప చీలలు నిలిపి, ఒకదాని తరువాత ఒకటిగా సమ్మెటతో కొట్టి, ఏనుగంత బండను రెండుగా చీల్చేవారు. చీల లోపలికి దిగుతున్న కొద్దీ రాతిని ఇరుపక్కలకూ నెడుతుంది. ఆ నెట్టుడు రాతి ఓర్పును మించితే రాయి పగులుతుంది. మించకపోతే చీలయే అక్కడ కదలకుండా బిగిసిపోతుంది. ఈ రెండు ఫలితాలకు నడుమనున్న సన్నని గట్టు మీదనే నేటి విస్తరణ బోల్టు, అనగా మన పనివారు యాంకర్ బోల్టు అని పిలిచే సాధనం, నిలిచి ఉన్నది.

పెనుకొండ సమీపాన ఎర్రమంచి వద్ద 2019లో కార్ల ఉత్పత్తి మొదలైనది. అట్టి కర్మాగారాలలో యంత్రాలను కాంక్రీటు నేలకు బిగించడానికైనా, సామాన్య గృహస్థు గోడకు నీళ్ల తొట్టి ఆధారాన్ని బిగించుకోవడానికైనా ఏ బోల్టు ఎన్నుకోవాలి అన్న ప్రశ్న తప్పదు. బోల్టుల పట్టికను ఇక్కడ అచ్చువేయడం కన్న, ఆ ప్రశ్నను నడిసముద్రంలో ఎదుర్కొన్న ఒక మహనీయుని జీవితాన్ని విద్యార్థుల ముందుంచడమే మేలని మేము తలచినాము.

జాన్ స్మీటన్ 1724 జూన్ 8న ఇంగ్లండులోని లీడ్స్ పట్టణ సమీపాన ఆస్థార్ప్ గ్రామంలో జన్మించాడు. తండ్రి న్యాయవాది. కుమారుడు కూడా ఆ వృత్తిలోనే స్థిరపడాలని ఆశించి ఆయన స్మీటన్‌ను లండన్‌కు పంపాడు. కాని బాల్యం నుండి పనిముట్లతోనే ఆడుకున్న ఆ యువకుని మనస్సు చట్టగ్రంథాలపై నిలువలేదు. తండ్రి అనుమతి పొంది గణిత, శాస్త్ర పరికరాలు తయారుచేసే వృత్తిలో ప్రవేశించాడు. 1753 నాటికే రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా స్వీకరించింది. నీటిచక్రాలపై, గాలిమరలపై ఆయన చేసిన ప్రయోగాలకు 1759లో కాప్లీ పతకం లభించింది. ఏ విషయమునైనా చిన్న నమూనాపై కొలిచి చూచిన తరువాతనే నమ్మడం ఆయన స్వభావం. ఆయన జీవితంలోని తక్కినదంతా ఈ ఒక్క గుణం నుండి పుట్టినదే అని మా అభిప్రాయం.

ప్లిమత్ రేవుకు సుమారు 22 కిలోమీటర్ల దూరంలో ఎడిస్టన్ అనే రాళ్లగుంపు ఉన్నది. ఆటుపోట్లలో మునిగి తేలే ఆ రాళ్లకు తగిలి ఎన్నో ఓడలు నాశనమయ్యేవి. అక్కడ మొదటి దీపస్తంభాన్ని హెన్రీ విన్‌స్టాన్లీ కట్టాడు; 1698లో దీపం వెలిగింది. రాతిలో 12 రంధ్రాలు తొలిచి, 12 ఇనుప కడ్డీలు నిలిపి, వాటికి కట్టడాన్ని బంధించాడు. 1703 నవంబరులో వచ్చిన మహాతుఫాను రాత్రి విన్‌స్టాన్లీ ఆ స్తంభంలోనే ఉన్నాడు. తెల్లవారేసరికి స్తంభమూ లేదు, ఆయనా లేడు. వంగిన కొన్ని ఇనుప ముక్కలు మాత్రం రాతిలో మిగిలినవి.

రెండవ స్తంభాన్ని కట్టిన జాన్ రడ్యర్డ్ వృత్తిరీత్యా పట్టువస్త్రాల వర్తకుడు. ధర్మవరం వారికి ఈ మాట ముచ్చట గొలుపవచ్చును. ఆయన తొలిపించిన రంధ్రాలు పైన ఇరుకుగా, అడుగున వెడల్పుగా ఉండేవి. అడుగు వెడల్పయిన ఇనుప ముక్కను ముందుగా దించి, దాని ప్రక్కన మరొక ముక్కను కొట్టి దించితే, ఆ జంట మరి పైకి రాలేదు. రంధ్రంలోని సందులకు ఉప్పునీరు చేరకుండా ముందు కరిగిన కొవ్వును, తరువాత కరిగించిన లోహాన్ని పోయించాడు. 1709లో పూర్తయిన ఆ కొయ్య స్తంభాన్ని అలలు పడగొట్టలేకపోయినవి. 1755 డిసెంబరులో అది అగ్నికి ఆహుతి అయినది. తరువాత స్మీటన్ వచ్చి పరీక్షించినప్పుడు ఆ ఇనుప బంధాలు ఇంకా గట్టిగానే ఉన్నవి.

రాయల్ సొసైటీ అధ్యక్షుని సిఫారసుపై మూడవ స్తంభం పని స్మీటన్‌కు అప్పగించబడింది. అంతవరకు ఆయన అంతటి కట్టడాన్ని కట్టి ఎరుగడు. 1756 ఏప్రిల్‌లో మొదటిసారి ఆ రాతిపై కాలు మోపాడు. కొయ్యతో కాదు, రాతితోనే కట్టవలెనని నిశ్చయించాడు. ఓక్ చెట్టు మొదలు వలె అడుగున విశాలంగా, పైకి సన్నగిల్లుతూ పోయే ఆకారాన్ని ఎన్నుకున్నాడు. సముద్రపు రాతిని మెట్లుగా చెక్కించి, అడుగు వరుస రాళ్లను ఆ మెట్లలోనే ఒకదానిలో ఒకటి ఇమిడేటట్లు పొదిగించాడు. బయట గ్రానైటు, లోపల పోర్ట్‌లాండ్ రాయి; ప్రతి రాయీ ప్రక్క రాళ్ల పట్టులో చిక్కుకొని ఉంటుంది.

కాని గార గట్టిపడడానికి కాలం కావలెను; అల అంతవరకు ఆగదు. ఈ చిక్కును స్మీటన్ విడదీసిన తీరే మన విషయానికి ప్రాణం. పై రాతి గుండా క్రింది రాతిలోనికి రంధ్రం తొలిపించి, దానిలో ఓక్ కొయ్య మేకు దిగగొట్టించాడు. ఆ మేకు అడుగు కొనను ముందే రంపంతో చీల్చి, ఆ చీలికలో చిన్న చీల నిలిపేవారు. మేకు రంధ్రం అడుగును తాకగానే చీల దానిలోనికి చొరబడి కొనను విప్పుతుంది. విప్పారిన కొన రంధ్రపు గోడలను అదిమిపట్టుకుంటుంది. రాళ్ల ప్రక్క గాడులలో ఓక్ చీలల జంటలు కూడా ఉండేవి. వాటిని మొదట మెల్లగా, ఎదురెదురు జంటలు సమంగా బిగిసేటట్లు కొట్టేవారు. బలం ఉన్నది కదా అని ఒకవైపే కొట్టితే రాయి స్థానం తప్పును. నేడు స్పానరు చేతబట్టి, ఇంకొక చుట్టు, ఇంకొక చుట్టు అని నట్టును త్రిప్పే మన యువకులు ఈ సంగతి గమనింతురు గాక.

గార విషయంలోను ఆయన వినికిడిని నమ్మలేదు. గట్టి సున్నపురాయి నుండి గట్టి సున్నం వస్తుందని అప్పటివారి నమ్మకం. స్మీటన్ వేర్వేరు సున్నాలతో ఉండలు చేసి నీటిలో వేసి చూచాడు. సున్నపురాళ్లను ఆమ్లంలో కరిగించి మిగిలిన మడ్డిని పరీక్షించాడు. నీటిలో గట్టిపడే సున్నం బంకమట్టి కలిసిన సున్నపురాయి నుండి వస్తుందని తేలింది. వేల్స్‌లోని అబర్థా సున్నాన్ని, ఇటలీ నుండి వచ్చిన అగ్నిపర్వతపు మట్టిని సమపాళ్లలో కలిపి వాడాడు. మన పూర్వులు సున్నంలో ఇటుక పొడి కలిపి సుర్కీ గార చేయడంలో ఉన్న మర్మమూ ఇటువంటిదే. నేటి సిమెంటు చరిత్ర వ్రాసేవారెవరూ ఈ ప్రయోగాలను దాటిపోలేరు. 1757 జూన్‌లో మొదటి రాయి పడింది. 1759 అక్టోబరు 16న 24 కొవ్వొత్తులతో దీపం వెలిగింది.

తరువాతి జీవితం వంతెనలతో, కాలువలతో, రేవులతో నిండిపోయింది. కోల్డ్‌స్ట్రీమ్, పెర్త్ వంతెనలు, ఫోర్త్-క్లైడ్ కాలువ ఆయనవే. సైనికేతర నిర్మాణాలు చేసేవానికి సివిల్ ఇంజనీరు అన్న పేరు స్థిరపడడానికి ఆయనే కారకుడు. 1771లో ఆ వృత్తివారి సంఘం ఏర్పడింది. అపజయమూ లేకపోలేదు. హెక్సమ్ వద్ద టైన్ నదిపై ఆయన కట్టిన వంతెన 1782 వరదలో కూలిపోయింది. వంతెన రాళ్లలో లోపం లేదు. వాటి క్రింది నదీగర్భం కొట్టుకొనిపోయింది. 1791లో ఎడిస్టన్ నిర్మాణ చరిత్రను గ్రంథంగా ప్రకటించి, 1792 అక్టోబరు 28న ఆస్థార్ప్‌లోనే ఆయన కన్నుమూశాడు.

ఆయన కొయ్య మేకులో ఉన్న ఉపాయమే వేర్వేరు రూపాలలో మళ్లీ మళ్లీ పుట్టింది. 1911లో లండన్‌లో జాన్ రాలింగ్స్ జనుపనారతో గోడ ప్లగ్గు చేశాడు. 1958లో జర్మనీలో ఆర్తూర్ ఫిషర్ నైలాన్ ప్లగ్గు చేశాడు. నేటి ఉక్కు బోల్టులో కొన వద్ద శంఖువు వంటి భాగం, దానిపై తొడుగు ఉంటాయి. నట్టు బిగించగా శంఖువు తొడుగులోనికి లాగబడి దానిని విప్పుతుంది. రంధ్రపు గోడతో ఏర్పడే ఒరిపిడియే దాని పట్టు.

కనుక ఎన్నిక బోల్టుతో కాదు, గోడతో మొదలు కావలెను. గట్టి కాంక్రీటులో విస్తరణ బోల్టు చక్కగా పనిచేస్తుంది. అధిక బరువుతో లాగితే కాంక్రీటు శంఖువు ఆకారంలో ఊడివస్తుంది. ఆ శంఖువు పైముఖపు వెడల్పు బోల్టు లోతుకు సుమారు 3 రెట్లు. అందువలన 80 మిల్లీమీటర్ల లోతున్న రెండు బోల్టులకు పూర్తి బలం దక్కాలంటే వాటి నడుమ 240, కాంక్రీటు అంచుకు 120 మిల్లీమీటర్ల ఎడం ఉండవలెను. లోతును పూత మీద నుండి కాక కాంక్రీటు మీద నుండి కొలవవలెను. రంధ్రంలోని పొడిని ఊది, తుడిచి, తయారీదారు చెప్పినంత బిగువే ఇవ్వవలెను. కప్పు అడుగుభాగంలో సన్నని పగుళ్లు సహజం గనుక, అక్కడ పగిలిన కాంక్రీటుకు పరీక్షింపబడిన రకమే తగును. పంకా కొక్కెం స్లాబు వేసే రోజుననే ఇనుప చువ్వలకు కట్టి ఉంచడం మన మేస్త్రీల మంచి అలవాటు.

ఇటుకలో ఉక్కు బోల్టును గట్టిగా విప్పితే ఇటుకే చీలుతుంది. మన రాయి కొట్టేవారి చీల చేసే పని అదే కదా. తేలిక బరువుకు నైలాన్ ప్లగ్గు చాలును. డొల్ల ఇటుకలలో బోల్టు అదిమిపట్టడానికి గోడే లేదు; జల్లి తొడుగులో జిగురు నింపి బిగించే రకం కావలెను. మట్టితో పేర్చిన పాత రాతిగోడలలో బరువు వ్రేలాడదీయాలంటే గోడ గుండా బోల్టు దూర్చి రెండువైపులా ఇనుప పలకలు వేయడమే క్షేమం.

జిగురు బోల్టులే సర్వరోగ నివారిణి అని కొందరంటారు. 2006 జూలైలో అమెరికాలోని బోస్టన్ నగరంలో సొరంగపు కప్పు పలకలు ఊడి ఒక స్త్రీ మరణించింది. ఎడతెగని బరువు క్రింద మెల్లగా సాగిపోయే జిగురు వాడడమే కారణమని విచారణలో తేలింది. 2012 డిసెంబరు 2న జపాన్‌లోని ససాగో సొరంగంలో అటువంటి బోల్టులే పట్టు విడిచి, పలకలు కూలి 9 మంది మరణించారు. ఆ సొరంగం తెరిచి అప్పటికి 35 సంవత్సరాలు.

స్మీటన్ స్తంభం 120 సంవత్సరాలకు పైగా నిలిచింది. పెద్ద అలలు తాకినప్పుడు అది కంపించడం మొదలుకాగా ఇంజనీర్లు పరీక్షించారు. స్తంభంలో దోషం కనబడలేదు. దాని క్రింది సముద్రపు రాతిని అలలు తొలిచివేస్తున్నవి. 1882లో ప్రక్కనున్న మరొక రాతిపై క్రొత్త స్తంభం వెలిసింది. పాతదాని పైభాగాన్ని రాయి రాయిగా విప్పి, ప్లిమత్ ఒడ్డున తిరిగి నిలిపి 1884లో ప్రజలకు తెరిచారు. ఓక్ మేకులతో బిగించిన అడుగుభాగం మాత్రం ఎడిస్టన్ రాతి మీదనే, క్రొత్త స్తంభం ప్రక్కన, నేటికీ ఉన్నది.