దివాన్ బహదూర్ గుత్తి కేశవపిళ్లెగారు

మన సంఘ వార్షిక మహాసభ ఈ యేడు కదిరిలో, ఖాద్రీ లక్ష్మీనరసింహస్వామివారి సన్నిధిని జరుగుచున్నందున, సంచికకు ఈ సీమకు చెందిన యొక మహనీయుని చరిత్ర వ్రాసి యీయవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. మేము గుత్తి కేశవపిళ్లెగారిని ఎన్నుకొంటిమి. వీరు మన కులమువారు కారుగదా, మన సంచికలో వీరి చరిత్ర యేల యని కొందరు పెద్దలు మమ్ము ప్రశ్నించిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. మన యువకులలో పలువురు పంచాయతీలకును, పురపాలక సంఘములకును తొలిసారిగా అభ్యర్థులై నిలువ నుత్సహించుచున్నారు. అట్టివారికి మన కులమున బుట్టిన పెద్దలకంటె, కులబలము లేకయే ప్రజల విశ్వాసమును సంపాదించిన యొకరి జీవితము ఎక్కువ పనికివచ్చునని మాకు దోచినది. పోషకమహాశయులు మన్నింతురుగాక.

కేశవపిళ్లెగారు 1860 వ సంవత్సరమున జన్మించిరి. న్యాయవాదవృత్తి నవలంబించి గుత్తిలో స్థిరపడిరి. గుత్తియన నేటివారికి కొండమీది కోటయు, రైలుస్టేషనును మాత్రమే జ్ఞప్తికి వచ్చును. 1800 వ సంవత్సరమున నైజామువారు కుంపిణీవారికి ధారపోసిన దత్తమండలములలో నది యొక ముఖ్యస్థలము. ఆ మండలములకు మొదటి ప్రధాన కలెక్టరై రైతువారీ పద్ధతిని స్థిరపరచిన మన్రో దొర, అటుపిమ్మట మద్రాసు గవర్నరై, 1827 లో పత్తికొండలో కలరా సోకి మరణింపగా, ఆయన దేహమును మొదట గుత్తి కోటక్రిందనే పూడ్చిరి. ఇట్టి యూరిలో పిళ్లె యను పేరుగలవా రెందరుందురో పాఠకులే యూహింపవచ్చును. బంధువర్గమును లెక్కించుకొని ప్రజాజీవితమున దిగువారైనచో కేశవపిళ్లెగారు తమ కోర్టుగుమ్మము దాటియే యుండరు.

1882 లో బళ్లారి జిల్లానుండి విడదీసి అనంతపురము జిల్లా నేర్పరచిరి. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము తాలూకాలు నాడే యందు జేరినవి. మన కదిరి మాత్రము 1910 వరకును కడపజిల్లాలోనే యుండెను. వానలు చాలని నేల. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ఘోరక్షామమున నీ సీమలో నూళ్లకూళ్లే పాడుపడినవి. పిళ్లెగారు వృత్తిలో బ్రవేశించునాటికి ఆ కరవునుండి రైతు ఇంకను తేరుకొనలేదు. శిస్తు, పుల్లరి, బందెలదొడ్డి, దస్తావేజు, కోర్టు ఖర్చు, ఇవియే నాటి రైతుకు సర్కారుతో గల పరిచయము.

1885 వ సంవత్సరము డిసెంబరులో బొంబాయి నగరమున భారత జాతీయ మహాసభ మొట్టమొదట సమావేశమైనప్పుడు దేశము నలుమూలలనుండి వచ్చిన 72 గురు ప్రతినిధులలో కేశవపిళ్లెగారొకరు. అప్పటికి వారి వయస్సు ఇరువదియైదేండ్లు. గుత్తి న్యాయవాదిగా మాత్రమే కాక హిందూ పత్రికకు విలేఖరిగా కూడ వారచ్చటికి బోయిరి. ఈ రెండవ పని స్వల్పమని యెంచరాదు. తాలూకా కచేరీలో జరిగిన యన్యాయము మద్రాసులోని అధికారులకు దెలియవలెనన్న నాడు వేరు మార్గము లేదు. అర్జీ పెట్టుకొన్న రైతు అర్జీ ఆ కచేరీకే తిరిగి వచ్చుచుండెను. పత్రికలో బడిన వార్త యట్లు తిరిగి రాదు.

వారి పేరు ఈ సీమలో నిలుచుటకు ముఖ్యకారణమైన సంఘటన 1893 లో జరిగెను. గుంతకల్లు సమీపమున రైలుగేటుకు కావలియున్న హంపన్న యను పేదవాని గుడిసెలోనికి ఇద్దరు స్త్రీలు ప్రాణమానభీతితో పరుగెత్తుకొనివచ్చిరి. వారిని తరుముకొనుచు వచ్చినవారు తెల్లసిపాయీలు. హంపన్న ఆ స్త్రీలను లోపలనుంచి, తాను వాకిట నడ్డముగా నిలిచెను. సిపాయి తుపాకి పేల్చెను. గాయపడిన హంపన్న ప్రాణములు విడిచెను. హతుడు గేటుకావలివాడు, నిందితుడు దొరతనమువారి సైనికుడు. ఇట్టి వ్యవహారము ఆ దినములలో చడిచప్పుడు లేక అణగిపోవుట వాడుక. కేశవపిళ్లెగారు దానిని అణగనీయలేదు. పత్రికలో బ్రకటించి, విచారణ జరుగువరకును పట్టువిడువక పోరాడిరి. విచారణ మద్రాసులో జరిగెను. నిందితుడు నిర్దోషియని విడువబడెను. న్యాయస్థానమున ఓడిన పిమ్మటను ఊరకుండక, ప్రజలయొద్ద చందాలు పోగుచేసి, ఆ కావలివానికి గుత్తిలో స్మారకము నెత్తించిరి. గవర్నరు దొరను బూడ్చిన యూరిలోనే గేటుకావలివానికి రాతిస్మారకము! అది యెత్తించుటకు గుత్తివంటి యూరిలో నాడెంత గుండెధైర్యము కావలయునో ఇప్పుడు చెప్పినను కొందరికి తెలియదు.

ఇక ఎన్నిక సంగతి. రిప్పన్ ప్రభువు 1882 లో స్థానికస్వపరిపాలనను గూర్చి చేసిన తీర్మానము ననుసరించి, మద్రాసు రాజధానిలో 1884 వ సంవత్సరపు చట్టములచే జిల్లాబోర్డులు, తాలూకాబోర్డులు, యూనియనులు, పురపాలక సంఘములు క్రొత్తరూపమును దాల్చినవి. పేరునకు స్వపరిపాలనయేకాని, జిల్లాబోర్డునకు కలెక్టరే అధ్యక్షుడు. సభ్యులలో ననేకులు నియమింపబడినవారు. 1909 వ సంవత్సరపు మింటో–మార్లే సంస్కరణములవలన శాసనసభకు ఎన్నిక యనునది ఒక మోస్తరుగా బ్రాప్తించెను. అయినను గ్రామమందలి రైతుకు వోటు లేదు. జిల్లాబోర్డు, తాలూకాబోర్డులలోను పురపాలక సంఘములలోను గల యనధికార సభ్యులే మా వంటి మండలములకు వోటర్లు. ఆ వోటర్లనందరను ఒక పెండ్లిపందిరిలో గూర్చుండబెట్టవచ్చును.

ఇట్టి యెన్నికలో క్రొత్తగా నిలుచు అభ్యర్థి యవస్థను మన యువకు లాలోచింపవలెను. వోటర్లు కొలదిమందియగుటచే ప్రతివానికిని తన వోటు విలువ తెలియును. వారిలో పెక్కుమంది భూస్వాములు, వర్తకులు, వకీళ్లు. కలెక్టరు దయ కోరువారును కలరు. సర్కారును పత్రికలో నిలవేసి యడిగినవానికి వోటు వేయుట వారికి సుఖమైన పనికాదు. అయినను సంస్కరణముల పిదప సమావేశమైన మద్రాసు శాసనసభలో కేశవపిళ్లెగారు దత్తమండలముల పక్షమున ఆసనమధిష్ఠించి, 1920 వరకు నచ్చట పనిచేసిరి. అభ్యర్థిగా వారు క్రొత్తవారేకాని, ప్రజలకు క్రొత్తవారు కారు. బొంబాయి సభకును ఈ యెన్నికకును నడుమ ఇరువదినాలుగేండ్లు గడచినవి. ఆ యిరువదినాలుగేండ్లును వారు చేసినది ఎన్నికప్రచారమని యెవరును అనజాలరు. ఎన్నికయే లేనినాడు ప్రచార మెక్కడిది?

ఇక్కడ మా యనుభవమొకటి విన్నవింతుము. కొన్నియేండ్లక్రిందట మనవారిలోని ఒక యువకుడు వార్డు సభ్యత్వమునకు తొలిసారి నిలిచెను. మేమును సంఘపక్షమున వాని వెంట దిరిగితిమి. వోటర్ల జాబితాలో మన యిండ్లను ఎఱ్ఱసిరాతో గుర్తించుకొని, కూడిక వేసికొని, గెలుపు నిశ్చయమని మురిసితిమి. గుర్తుపెట్టని యిండ్లకు మేము పోనేలేదు. గుర్తుపెట్టిన యిండ్లలోనే, మూడేండ్లుగా కొళాయి నీరు రాకున్నను ఇటు తొంగిచూడనివారు ఇప్పుడేల వచ్చితిరని యొక వృద్ధురాలు అడిగినది. మాయొద్ద జవాబు లేకపోయినది. ఆ యువకుడు ఓడెను. ఆ తప్పు వానిదికంటె మాదే యెక్కువ. ఈ చరిత్ర వ్రాయుటకు అదియు నొక కారణము.

శాసనసభలో కేశవపిళ్లెగారు ముఖ్యముగా నెత్తుకొన్నది అడవుల వ్యవహారము. 1882 వ సంవత్సరపు మద్రాసు అటవీచట్టమువలన కొండలును, చిట్టడవులును రిజర్వులలో జేరిపోయినవి. కదిరి, పెనుకొండ ప్రాంతములలో రైతుకు పొలముకంటె పశువు ముఖ్యము. పశువునకు కొండయే మేత. హద్దురాయి దాటిన ఆవునకు బందెలదొడ్డి, కట్టెపుల్ల విరిచిన మనిషికి జుల్మానా. చిన్న యుద్యోగుల పీడన వేరు. ఈ బాధలను సభలో మరల మరల జెప్పి, అడవిని ఊరివారి పంచాయతీకే యప్పగింపవలెనను వాదము నెత్తినవారిలో వీరు ముఖ్యులు. 1913 నాటి అటవీవిచారణానంతరము కొన్ని యడవులను గ్రామపంచాయతీల యధీనము చేయు పద్ధతి మద్రాసు రాజధానిలో నారంభమయ్యెను. బాధ పూర్తిగా తొలగెనని చెప్పజాలము. అయినను రైతుమాట శాసనపుస్తకములలోని కెక్కినది.

1917 వ సంవత్సరపు సంగతి మనవంటి సంఘములవారు జాగ్రత్తగా నెఱుగదగినది. అంతకుముందేడు జస్టిసుపక్షము పుట్టి, బ్రాహ్మణేతరులకు ఉద్యోగములందును సభలందును తగినపాలు లేదని వాదించుచు, హోంరూలు ఉద్యమమును వ్యతిరేకించుచుండెను. పాలు లేదనుట నిజమే. కాని అందులకై స్వపరిపాలన కోరికనే విడువవలెనా? విడువనక్కఱలేదని తలచిన కాంగ్రెసులోని బ్రాహ్మణేతరులు మద్రాసు రాజధాని సంఘమును స్థాపించి కేశవపిళ్లెగారిని అధ్యక్షులుగా నెన్నుకొనిరి. సభలలో తమకు ప్రత్యేక స్థానములు కావలెననియు, దేశమునకు స్వపరిపాలన కావలెననియు వారు రెండింటిని గోరిరి. ఇరుపక్షములవారును వారిని నిందించిరి. మా మట్టుకు మాకు ఆ నడిమిదారియే సరియని తోచుచున్నది. మన సంఘములోనే భిన్నాభిప్రాయులున్నారని యెఱుగుదుము.

1920 నాటి యెన్నికలకు మద్రాసు రాజధాని యంతటను వోటర్లు సుమారు 12 లక్షల 48 వేలమంది మాత్రమే. శిస్తో, పన్నో చెల్లించువారికే వోటు. సాధారణ స్థానములలో 28 బ్రాహ్మణేతరులకు ప్రత్యేకింపబడినవి. సహాయనిరాకరణము నవలంబించిన కాంగ్రెసువారు ఆ యెన్నికలను బహిష్కరించిరి, జస్టిసుపక్షము మంత్రివర్గమేర్పరచెను. తొలిసభ ప్రతినిధియగు కేశవపిళ్లెగారు మాత్రము శాసనసభను విడువలేదు. సభకు ఉపాధ్యక్షులుగా కూడ పనిచేసిరి. పాత సహచరులు జైళ్లకు బోవుచుండగా వీరు సభాసనమున నుండుట ఆనాటి యువకులకు నచ్చలేదు. దివాన్ బహదూర్, సి.ఐ.ఇ. బిరుదులును వారికి దోషములుగానే కనబడియుండును. మేము దానిని కప్పిపుచ్చబోము. తాము నమ్మిన పద్ధతి శాసనపద్ధతి; తుదివరకు దానినే పట్టుకొనిరి.

1922 లో వీరు వేంకటేశ నారాయణ తివారీగారితోడను, కీటింగు దొరతోడను బ్రిటిషు గయానాకు బోయి, కూలికై సముద్రము దాటిన మనవారి స్థితిని విచారించిరి. నివేదికలు రెండైనవి: కీటింగు దొరది వేరు, పిళ్లె–తివారీగారలది వేరు. క్రొత్తకూలీలను పంపుటకు ముందు అచ్చట నున్నవారి యిండ్లు, ఆరోగ్యము బాగుపడవలెననునది వీరి యభిప్రాయము. అరువదియేండ్లు దాటిన శరీరముతో ఓడలో అంతదూరము పోయి కూలీల పాకలు చూచి వచ్చిరన్నమాట.

1928 లో నంద్యాలలో దత్తమండలములకు రాయలసీమ యని పేరుపెట్టునాటికి వారు జీవించియే యుండిరి. 1933 లో గతించిరి. వారెఱిగిన తాలూకాబోర్డులు ఆ మఱుసటియేడే రద్దయినవి. జిల్లాబోర్డులు 1959 లో జిల్లాపరిషత్తులకు చోటిచ్చినవి. మన కదిరి, హిందూపురము, పెనుకొండ, ధర్మవరము 2022 లో శ్రీ సత్యసాయి జిల్లాలో జేరి గుత్తికి వేరు జిల్లాయైనవి.

మహాసభ ముగిసిన పిమ్మట ప్రతినిధులలో నెవరికైన వీలున్నయెడల, ధర్మవరము, అనంతపురము మీదుగా గుత్తికి బోయి కోటతోబాటు హంపన్న స్మారకమును కూడ చూచి రావచ్చును. రాబోవు ఎన్నికలలో నిలువదలచిన యువకులతో కలిసి మేమును పోవ నిశ్చయించుకొన్నాము. వెంట రాగోరువారు ఆహ్వానసంఘమువారికి ముందుగా తెలియజేయ గోరుచున్నాము.