పదిమంది మాటకు సాక్ష్యమడిగిన సురవరం

లోకములో ఒక మాట నిలుచుటకు రెండు దారులు కలవు. దానికి తగిన హేతువుండుట యొకటి. దానిని పదిమంది పలుకుట రెండవది. హేతువును వెదకుట కష్టము. పదిమంది వెంట నడచుట సులభము. అచ్చంపేట వంటి ఊరి సంతలో ఒక అంగడి ముందు నలుగురు గుమిగూడినచో, ఐదవవాడు సరుకు చూడకయే అచ్చట నిలుచును. మందు తాగిన మరునాడు జ్వరము తగ్గినచో, అది మందు మహిమయే యని నమ్ముదుము. తనంత తాను తగ్గవలసిన జ్వరమేమో యని ఆలోచింపము. నలుగురి వెంట కన్నుమూసి నడచుటను మన పెద్దలు గొఱ్ఱెదాటనిరి. కాకి వాలగానే తాటిపండు రాలినంత మాత్రమున కాకియే కారణము కాదని తెలుపుటకు కాకతాళీయమను మాటను కల్పించిరి.

పదిమంది మాటను నమ్ముటయు, కారణమును తప్పుగా ఊహించుటయు కలిసి ఒక ప్రాంతపు సాహిత్యముపై అపవాదు మోపినప్పుడు, దానిని రోషముతో గాక సాక్ష్యముతో తొలగించిన మహనీయుడు మన పాలమూరు సీమలోనివారే. వారే సురవరం ప్రతాపరెడ్డిగారు.

ప్రతాపరెడ్డిగారు 1896 మే 28న జన్మించిరి. వారి స్వగ్రామము అలంపురం ప్రాంతములోని ఇటికాలపాడు. నేడది జోగులాంబ గద్వాల జిల్లాలో చేరినది. కర్నూలులో విద్యార్థిగా ఉన్నప్పుడే సంస్కృత కావ్యముల నభ్యసించిరి. మద్రాసులో బి.ఏ. చదివి, తరువాత న్యాయశాస్త్రమున పట్టము పొందిరి. కొంతకాలము వకీలుగా పనిచేసినను వారి మనసు ఆ వృత్తిపై నిలువలేదు. హైదరాబాదునకు వచ్చి, కొత్వాలు వెంకటరామారెడ్డిగారి పూనికతో వెలసిన రెడ్డి హాస్టలు నిర్వహణభారమును వహించి, విద్యార్థులకు పెద్దదిక్కుగా నుండిరి.

ఆనాటి హైదరాబాదు రాజ్యములో తెలుగు మాట్లాడువారే ఎక్కువ. అయినను పరిపాలన ఉర్దూలో సాగుచుండెను. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు బోధనభాష ఉర్దూయే. 1921లో నగరమున జరిగిన సంఘసంస్కరణ సభలో ఒక వక్త తెలుగున మాట్లాడబోగా సభికులు గేలిచేసి గందరగోళము కావించిరి. సభలో నవ్వు ఒకచోట మొదలైనచో అది ఏల పుట్టినదో తెలియనివారును నవ్వుదురు. కాని ఆ నవ్వును సహింపలేని కొందరు ఆనాడే ఒకచోట చేరి ఆంధ్ర జనసంఘమునకు పునాది వేసిరి. తెలుగున మాట్లాడుటయే చిన్నతనమను భావము నగరమున వ్యాపించియున్న అట్టి దినములలో, 1926 మే 10న ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను ప్రారంభించిరి. వారమునకు రెండుసార్లు వెలువడు ఆ పత్రికకు తొలినాళ్లలో ఇంచుమించు సర్వము తామేయై, మారుపేర్లతో కూడ వ్యాసములు వ్రాసి నడిపిరి. 1930లో జోగిపేటయందు జరిగిన ప్రథమ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిరి.

ఆ కాలముననే నైజాం రాష్ట్రములో తెలుగు కవులు పూజ్యమేయని ఒక పండితుడు వ్రాసెను. లెక్కలలో పూజ్యమనగా సున్న. ఆ అభిప్రాయము ఆయన యొక్కనిదే యైనచో ఉపేక్షింపవచ్చును. కాని అది అనేకులు లోలోపల నమ్మిన మాట. అందులోని తర్కమును విప్పిచూడుడు. తెలంగాణమునుండి అచ్చయిన తెలుగు పుస్తకములు అరుదు. కనుక అచ్చట కవులు లేరు. చూచుటకు సబబుగా తోచును. కాని పుస్తకము అచ్చుకాకుండుటకు కవి లేకపోవుట యొక్కటే కారణమా? ముద్రణాలయములు తక్కువ. తెలుగు బడులు తక్కువ. చదువరులను కవులను కలుపు పత్రికలు తక్కువ. వ్రాసినది తాటాకులలోనో, ఇంటి పెట్టెలలోనో మిగిలిపోయెను. ఫలము కంటికి కనబడుచున్నది; దాని కారణమును మాత్రము జనులు తలక్రిందులుగా ఊహించిరి. పండితకవులను పోషించి విద్వద్గద్వాలయని పేరొందిన సంస్థానము ఈ సీమలోనే యున్నను, వనపర్తి, కొల్లాపురములు సాహిత్యపోషణకు పేరొందినను, ఆ సంగతి వాడుక మాట ముందు మరుగుపడెను.

ప్రతాపరెడ్డిగారు ఈ మాటను ఖండించుచు ఘాటైన వ్యాసము వ్రాసి ఊరకుండవచ్చును. అట్లయిన మాటకు మాట బదులగునే గాని సందేహము తీరదు. వారు కవుల పద్యములను, వివరములను జిల్లా జిల్లానుండి సేకరించిరి. 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందులో 354 మంది కవులు చేరిరి.

ఇచ్చట విద్యార్థులు ఒక సూక్ష్మమును గమనింపవలెను. కవులు లేరను మాట తప్పని చూపుటకు తర్కమున ఒక్క కవి చాలును. మరి 354 మంది ఎందులకు? ఒక్కని చూపినచో ఆతనిని మినహాయింపుగా త్రోసివేయుదురు. పదిమందిని చూపినచో వారు మాత్రమే యందురు. అందుచేత ఎదుటివాడు తప్పించుకొను దారులన్నియు మూయవలసివచ్చెను. అయినచో ఇదియు సంఖ్యతో ఒప్పించుటయే గదాయని ఒకరడుగవచ్చును. కాదు. విన్నమాటను వేయిమంది తిరిగి పలికినను అది ఒక్క మాటయే. ప్రతిధ్వని యెన్నిమార్లు వినబడినను అరచినవాడొక్కడే. ఆ సంచికలోని కవులట్లు గాదు. ఒక్కొక్కరు వేరువేరు సాక్షి. పేరున్నది, ఊరున్నది, పద్యమున్నది. ఎవరికి సందేహమున్న వారు చదివి పరీక్షించుకొనవచ్చును. అందలి వారందరు మహాకవులని చెప్పుటకు వీలులేదు. సంచిక ఋజువుచేసినది వారి ఉనికిని. ఎంతవరకు సాక్ష్యమున్నదో అంతవరకే ఫలితమును చెప్పుట మంచి తర్కమునకు లక్షణము.

ఈ దృష్టియే వారి తరువాతి కృషికిని మూలము. 1949లో ప్రకటితమైన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధములకంటె ప్రజల జీవితమునకు పెద్దపీట వేసిరి. జనులు తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆటలు, చేసిన వర్తకము, నమ్మిన నమ్మకములు వీనిని తెలుసుకొనుటకు కావ్యములను, శతకములను, సామెతలను గాలించిరి. అందరును అలంకారములకై చదువు పద్యమును వారు సాక్షిని విచారించినట్లు విచారించిరి. వకీలు విద్య అచ్చట పనికివచ్చినదని చెప్పవచ్చును.

1952 ఎన్నికలలో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. మరుసటి యేడే, 1953 ఆగస్టు 25న పరమపదించిరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీ తెలుగునకిచ్చిన మొదటి పురస్కారము ఆంధ్రుల సాంఘిక చరిత్రకు లభించెను. దానిని అందుకొనుటకు రచయిత లేకపోయిరి.

నలుగురితో నారాయణ యనుట పండుగనాడు, పెండ్లినాడు శోభించును. సత్యాసత్యములను నిర్ణయించునప్పుడు మాత్రము అది చాలదు. అందరును అనుచున్నారని బాలుడొకడు తరగతిలో చెప్పినచో ఉపాధ్యాయుడు అతనిని గద్దింపనక్కరలేదు. ఆ అందరిలో చూచినవారెందరు, విన్నవారెందరు అని అడిగిన చాలును. దీనికి ఇదియే కారణమా, మరియొకటి ఉండునా యని రెండవ ప్రశ్న వేసిన మరియు మంచిది. ఆ ప్రశ్నలు ఎవరును వేయకున్నచో ఈ సీమ కవులు నేటికిని సున్నగానే లెక్కింపబడియుందురు.