వాల్టరు టల్ జీవితము

కాలిబంతి జట్టున పదునొకండుగురికే స్థానము. పేర్లు చదువబడు దినమున కొందరు బాలురు ఉప్పొంగుదురు. కొందరు తలవంచుకొని యిండ్లకు పోవుదురు. ఆ రెండు స్థితులను ఎరిగిన ఆంగ్లదేశపు ఆటగాడు వాల్టరు టల్. అతని చరిత్రము మన విద్యార్థులు తెలిసికొనదగినది.

వాల్టరు 1888వ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీన ఇంగ్లండునందలి ఫోక్‌స్టన్ పట్టణమున జన్మించెను. తండ్రి బార్బడోసు ద్వీపమునుండి వచ్చిన నల్లజాతి వడ్రంగి, తల్లి ఆంగ్లవనిత. 1895లో తల్లియు, 1897లో తండ్రియు మరణించిరి. సవతితల్లి అందరిని పోషింపజాలక, వాల్టరును అతని అన్న ఎడ్వర్డును లండనులో మెథడిస్టులు నడపుచుండిన అనాథశరణాలయమునకు పంపెను. పిమ్మట ఎడ్వర్డును గ్లాస్గో నగరమునందలి యొక కుటుంబము దత్తు చేసికొనగా, వాల్టరు ఒంటరిగా మిగిలెను. అతడు శరణాలయమున నుండగనే అచ్చుపని అభ్యసించెను. అచ్చటి జట్టులో బంతియాటయు ఆడెను.

1908లో క్లాప్టన్ జట్టున చేరి మంచి పేరు పొందెను. మరుసటి యేట ప్రసిద్ధమైన టాటెన్‌హామ్ హాట్‌స్పర్ జట్టువారు అతనిని జీతముపై తీసికొనిరి. అనుభవజ్ఞులైన ఆటగాండ్ర నడుమ ఇరువదియొక్క యేండ్ల యువకుడు ఫార్వర్డు స్థానము సంపాదించి, సెప్టెంబరులో మొదటి జట్టున ఆడెను. అక్టోబరులో బ్రిస్టలు నగరమున ఆడుచుండగా, ప్రేక్షకులలో కొందరు అతని దేహవర్ణమును బట్టి ఘోరముగా దూషించిరి. అతడు చలింపక నిర్మలముగా ఆడెనని నాటి పత్రిక మెచ్చుకొనెను. అయినను కొలది దినములకే అతని స్థానము పోయెను. అటుపిమ్మట అతడు ఎక్కువగా రెండవ జట్టుననే ఆడవలసి వచ్చెను.

వాల్టరు ఆట మానలేదు. 1911లో హెర్బర్టు చాప్మన్ నడపుచుండిన నార్తాంప్టన్ జట్టునకు మారెను. అచ్చట ముందువరుస విడిచి, హాఫ్‌బ్యాకు స్థానమున క్రొత్తగా నేర్చుకొని, మొదటి జట్టు పక్షమున నూటికి పైగా ఆటలాడెను. అప్పటినుండి అతని స్థానము స్థిరమయ్యెను.

1914 డిసెంబరులో అతడు ఆటగాండ్రతో కూడిన పటాలమున చేరెను. ఐరోపా వంశీయులు కానివారిని అధికారులుగా నియమింపరాదను సైనిక నిబంధన యున్నను, 1917 మే నెలలో అతనికి సెకండు లెఫ్టినెంటు పదవి లభించెను. 1918 జనవరిలో ఇటలీ దేశమున పియావే నది దాటి 26 మందిని శత్రువులపైకి నడిపించి, అందరిని క్షేమముగా తిరిగి తెచ్చెను. ఆ మార్చి 25వ తేదీన ఫ్రాన్సులో తుపాకిగుండు తగిలి మరణించెను. అప్పటికి అతని వయస్సు ఇరువదితొమ్మిదేండ్లు. అతని దేహము దొరకలేదు. ఆరాసునందలి స్మారకమున పేరు చెక్కబడియున్నది. 1999లో నార్తాంప్టనువారు తమ ఆటస్థలముచెంత అతనికి స్మారకము నిలిపిరి.

ప్రియ విద్యార్థులారా, జట్టున స్థానమిచ్చుట యితరుల చేతిలోనిది. ఆ స్థానమునకు తగినవారమై యుండుట మన చేతిలోనిది. పేరు చదువబడని మరునాడును మైదానమునకు వచ్చువాడే నిజమైన ఆటగాడు.