జోసెఫ్ కెకుకు

జోసెఫ్ కెకుకు (డిసెంబరు 29, 1874 - జనవరి 16, 1932) హవాయి దీవులకు చెందిన ప్రసిద్ధ సంగీత విద్వాంసుడు. గిటారును ఒడిలో వెల్లకిలా పరచుకొని, తీగలపై నున్నని ఉక్కు కడ్డీని జార్చుతూ వాయించే స్టీల్ గిటారు పద్ధతికి ఆద్యునిగా ఈయన పేరు పొందాడు. చేతిలోని ఆ చిన్న కడ్డీ కారణంగానే ఈ వాద్యానికి స్టీల్ గిటారు అనే పేరు వచ్చింది. హవాయి భాషలో దీనిని కీకా కిలా అంటారు. నేడు ఈ కడ్డీలను ఉక్కు, ఇత్తడి, గాజు, పింగాణీ వంటి పలు పదార్థాలతో తయారు చేస్తున్నారు.

బాల్యము, నేపథ్యము

కెకుకు ఓవాహు ద్వీపపు ఈశాన్య తీరాన ఉన్న లాయియె గ్రామంలో జన్మించాడు. 1865లో మార్మన్ క్రైస్తవ శాఖవారు అక్కడ భూమిని కొని స్థావరం ఏర్పరచుకున్నారు. ఈయన కుటుంబము ఆ శాఖకు చెందినదే. ఈయన జన్మించిన 1874లోనే కలాకావా హవాయి రాజ్యానికి రాజయ్యాడు. సంగీత నృత్యాలను ఆదరించిన ఆ రాజు 1891 వరకు పాలించాడు.

గిటారు హవాయివారి స్వంత వాద్యం కాదు. పశువుల కాపరులుగా వచ్చిన మెక్సికో ప్రాంతీయులు 19వ శతాబ్ది పూర్వార్ధంలో దానిని తమతో తెచ్చారు. హవాయివారు దానిని తమ గానానికి అనువుగా మలచుకున్నారు. కొన్ని తీగల బిగువు సడలించి, ఏ మెట్టునూ నొక్కకుండా తీగలన్నీ ఒక్కసారి మీటితే సుస్వరమైన స్వరమేళనం పలికేలా శ్రుతి చేసుకున్నారు. స్టీల్ గిటారు పుట్టుకకు ఈ శ్రుతి విధానమే పునాది. ఇలా శ్రుతి చేసిన తీగలపై ఒక కడ్డీని అడ్డంగా ఆనించి పైకీ కిందికీ జరిపితే ఆ స్వరమేళనం మొత్తం కడ్డీతో పాటు జరుగుతుంది.

విద్యాభ్యాసము

రాజకుమారి బెర్నీస్ పవాహి బిషప్ 1884లో మరణించింది. ఆమె వీలునామా ప్రకారము హవాయి బాలల కొరకు కమేహమేహా బాలుర పాఠశాలను 1887లో హోనొలులులో ప్రారంభించారు. కెకుకు తన పదునైదవ యేట, 1889లో, బంధువైన శామ్యూల్ నైనోవాతో కలిసి ఈ పాఠశాల వసతి గృహంలో చేరాడు. చేతిపనుల శిక్షణకు ప్రాధాన్యమిచ్చిన ఈ పాఠశాలలో యంత్రశాల ఉండేది. కెకుకు చేతికి కావలసిన పనిముట్టు తయారైనది అక్కడే.

కడ్డీ కథ

ఈ ఆవిష్కరణ గురించి పలు కథనాలు ప్రచారంలో ఉన్నాయి. రైలు పట్టాల వెంబడి గిటారు వాయిస్తూ నడుస్తున్న బాలుడు దారిలో దొరికిన మరమేకును తీగలకు తాకించాడనీ, వింత ధ్వని వినిపించిందనీ చెప్పే కథ అందరికీ తెలిసినది. అయితే ఓవాహు రైలు మార్గం 1889లో హోనొలులు వైపున మొదలై, లాయియెకు సమీపంలోని కహుకు వరకు వచ్చేసరికి 1890ల చివరి భాగమైంది. కాబట్టి కథలోని పట్టాలు హోనొలులు పరిసరాలలోనివైనా, ఏదైనా చెరకు తోటలోనివైనా కావాలి, లేదా ఆ వివరం తరువాత చేరినదైనా కావాలి. కెకుకు మాత్రం ఈ పద్ధతిని తాను 1885లో, అంటే దాదాపు పదకొండేళ్ళ వయసులో, లాయియెలోనే కనుగొన్నాననీ, పట్టు సాధించడానికి ఏడేళ్ళు పట్టిందనీ చెప్పుకొన్నాడు.

తొలి ఆలోచన ఎక్కడ పుట్టినా ఆ తరువాత జరిగిన కృషి విషయంలో కథనాలు చాలావరకు ఏకీభవిస్తాయి. కెకుకు మొదట దువ్వెన, చాకు వెన్ను వంటి చేతికి దొరికిన వస్తువులతో ప్రయత్నించాడు. చాకు వెన్ను సన్నగా ఉండి తీగలపై గీరుకొని కరకర శబ్దం చేస్తుంది. తీగ నిలకడగా మ్రోగాలంటే దానికి ఆనే వస్తువు నున్నగా, గట్టిగా, తగినంత బరువుగా ఉండాలి. ఈ సంగతి గ్రహించిన కెకుకు పాఠశాల యంత్రశాలలో నునుపైన ఉక్కు కడ్డీని తయారు చేసుకున్నాడు.

కడ్డీతో పాటు గిటారులోనూ మార్పులు అవసరమయ్యాయి. మామూలు గిటారులో తీగలు మెట్లకు దగ్గరగా ఉంటాయి. వాటిపై కడ్డీ ఆనిస్తే అది మెట్లకు కొట్టుకుంటుంది. అందుచేత తీగలను ఎత్తున నిలపవలసి వచ్చింది. నరాలతో చేసిన తీగలకు బదులు ఉక్కు తీగలు బిగించవలసి వచ్చింది. వాద్యాన్ని ఒడిలో వెల్లకిలా ఉంచి, ఎడమచేతితో కడ్డీని జరుపుతూ కుడిచేతి వ్రేళ్ళతో మీటుతారు. మెట్లు కేవలం స్వరస్థానాన్ని చూపే గుర్తులుగా మిగిలిపోతాయి. స్వరం నుండి స్వరానికి ఎక్కడా తెగకుండా జారే ఈ ధ్వని గాత్రంలోని గమకానికి దగ్గరగా ఉంటుంది.

ప్రాథమ్యముపై వివాదము

ఈ ఘనత మరి ఇద్దరిదని చెప్పేవారూ ఉన్నారు. వారిలో ఒకరు జేమ్స్ హోవా, మరొకరు గేబ్రియల్ డేవియన్. డేవియన్ భారతదేశంలో పుట్టినవాడనీ, ఒక ఓడ కెప్టెన్ అతనిని అపహరించి హవాయికి తెచ్చాడనీ ప్రసిద్ధ హవాయి గీతకర్త ఛార్లెస్ ఇ. కింగ్ చెప్పిన కథనం తెలుపుతుంది. అతడు గిటారు తీగలపై వస్తువును జార్చి వాయించగా 1880ల మధ్యలో కింగ్ విన్నాడట. భారతదేశంలో కొయ్య ముక్కను తీగలపై జార్చి వాయించే గోటువాద్యం, గాజు గుండును జార్చి వాయించే విచిత్రవీణ ఉన్నందున, కొందరు ఈ పద్ధతికి భారతీయ మూలాన్ని ఊహించారు. కానీ డేవియన్‌కు ఆ వాద్యాలతో పరిచయమున్నదనడానికి ఆధారం లేదు. చిన్ననాడే దేశానికి దూరమైన వ్యక్తి ద్వారా ఒక సంగీత సంప్రదాయం సముద్రం దాటిందనడం ఊహ మాత్రమే.

ఒకే ఆలోచన ఒకరికంటే ఎక్కువమందికి తట్టడం అసంభవం కాదు. అయితే దానికి తగిన కడ్డీని తయారు చేసి, గిటారును సవరించి, యేళ్ళ తరబడి సాధన చేసి, ఇతరులకు నేర్పి ఒక పద్ధతిగా నిలబెట్టినవాడు కెకుకు అనే విషయాన్ని చరిత్రకారులు ఎక్కువగా అంగీకరిస్తున్నారు. 2016లో వెలువడిన కీకా కిలా అనే గ్రంథంలో అమెరికా చరిత్రకారుడు జాన్ ట్రౌట్‌మన్ ఈ విషయాన్ని వివరంగా చర్చించాడు.

స్వదేశము విడుచుట

కెకుకు యౌవనంలో హవాయి రాజకీయంగా తలక్రిందులైంది. 1893 జనవరిలో రాణి లిలివొకలానిని పదవీచ్యుతురాలిని చేశారు. 1896లో పాఠశాలలలో బోధనా భాషగా ఆంగ్లాన్ని నిర్బంధం చేశారు. 1898లో అమెరికా ఈ దీవులను తనలో కలుపుకొంది. ఆ రోజులలో హవాయి భాషకు బడిలో చోటు పోయినా, పాట మాత్రం ఇళ్ళలోనూ సభలలోనూ నిలిచింది. జీవనోపాధి వెదుకుతూ పలువురు హవాయి గాయకులు, వాద్యకారులు అమెరికా ప్రధాన భూభాగానికి తరలిపోయారు.

కెకుకు 1904లో హవాయిని విడిచి వెళ్ళాడు. ఆ తరువాత మరల స్వదేశంలో స్థిరపడలేదు. అమెరికా పశ్చిమ తీర నగరాలలో కచేరీలు చేస్తూ, విద్యార్థులకు స్టీల్ గిటారు నేర్పుతూ జీవించాడు. 1912లో న్యూయార్కులో ప్రారంభమైన ది బర్డ్ ఆఫ్ పారడైజ్ అనే నాటకం, 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా పసిఫిక్ అంతర్జాతీయ ప్రదర్శన హవాయి సంగీతానికి దేశమంతటా విశేషమైన ఆదరణ తెచ్చాయి. ఆ కాలంలో కెకుకు తన పేరుతో నడిచిన హవాయి వాద్యబృందంతో చటాక్వా సంచార సభలలో పర్యటించాడు. గ్రామీణ అమెరికాలో ఎంతోమంది స్టీల్ గిటారును మొదటిసారి విన్నది ఇటువంటి సభలలోనే.

ఆ ఆదరణలో ఒక వైరుధ్యం కూడా ఉంది. నాటకాలలోనూ ప్రకటనలలోనూ హవాయివారిని కష్టం తెలియని, పువ్వుల దండలు ధరించిన అమాయకులుగా చిత్రించేవారు. వాస్తవానికి ఆ వాద్యం యంత్రశాలలో చేసిన పనితనం, ఏళ్ళ సాధన కలిసి ఏర్పడినది.

ఐరోపా పర్యటన, చివరి రోజులు

1919లో కెకుకు ది బర్డ్ ఆఫ్ పారడైజ్ ప్రదర్శన బృందంతో ఐరోపాకు వెళ్ళాడు. సుమారు ఎనిమిదేళ్ళ పాటు అక్కడి దేశాలలో పర్యటించాడు. తిరిగి వచ్చి షికాగోలో కొంతకాలం సంగీత పాఠశాల నడిపాడు. తరువాత న్యూజెర్సీ రాష్ట్రంలోని డోవర్ పట్టణంలో భార్యతో నివసిస్తూ గిటారు పాఠాలు చెప్పాడు. మెదడులో రక్తస్రావం కారణంగా 1932 జనవరి 16న తన 57వ యేట మరణించాడు. డోవర్‌లోని ఆర్చర్డ్ స్ట్రీట్ శ్మశానవాటికలో ఈయన సమాధి ఉంది. పుట్టిన ఊరికీ సమాధికీ మధ్య ఒక మహాసముద్రమూ ఒక ఖండమూ ఉన్నాయి.

ప్రభావము

కెకుకు మరణించిన సంవత్సరమే విద్యుత్ గిటారు విపణిలోకి వచ్చింది. 1931లో రూపొంది 1932లో అమ్మకానికి వచ్చిన రికెన్‌బాకర్ వారి ఫ్రయింగ్ పాన్ గిటారు ఒడిలో ఉంచుకొని కడ్డీతో వాయించే స్టీల్ గిటారే. అంతకుముందు, 1920ల చివరలో, లోహపు గిన్నెల వంటి పలకలు అమర్చిన నేషనల్, డోబ్రో గిటార్లు రావడానికి కూడా హవాయి పద్ధతి వాయిద్యకారులు కోరిన అధిక ధ్వనియే ముఖ్య కారణం. అమెరికా కంట్రీ సంగీతంలో వినిపించే పెడల్ స్టీల్ గిటారు దీని వారసురాలే. నల్లజాతివారి బ్లూస్ సంగీతంలో చాకు, సీసా మెడ జార్చి వాయించే పద్ధతికి హవాయి మూలమా, ఆఫ్రికా మూలమా అనే చర్చ పండితుల మధ్య ఉంది.

భారతదేశంలోనూ ఈ వాద్యం వేళ్ళూనుకొంది. హవాయి కళాకారుడు టావు మో 1940లలో కలకత్తాలో నివసించి ఈ సంగీతాన్ని వ్యాప్తి చేశాడు. హిందీ చలనచిత్ర గీతాలను వాన్ షిప్లీ వంటివారు హవాయి గిటారుపై వాయించారు. బ్రిజ్ భూషణ్ కాబ్రా దానిపై హిందుస్తానీ రాగాలను పలికించాడు. విశ్వమోహన్ భట్ రూపొందించిన మోహనవీణ ఈ కోవలోనిదే. గోటువాద్యం ఎరిగిన తెలుగు శ్రోతలకు దీని నాదం కొత్తగా తోచదు.

కడ్డీలలో రకాలు - పింగాణీ కడ్డీ

కెకుకు వాడిన ఉక్కు కడ్డీ నేటికీ ప్రధానమైనది. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.8 గ్రాములు. బరువైన కడ్డీ తీగపై స్థిరంగా నిలుస్తుంది, నాదం ఎక్కువసేపు సాగుతుంది. గాజు, పింగాణీల సాంద్రత సుమారు 2.5 గ్రాములు మాత్రమే. కాబట్టి అదే పరిమాణం గల పింగాణీ కడ్డీ ఉక్కు కడ్డీలో మూడవ వంతు బరువే తూగుతుంది. దాని నాదం మెత్తగా ఉండి త్వరగా తగ్గుతుంది. వాద్యకారుడు చేతి ఒత్తిడిని మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. జిర్కోనియా అనే ఆధునిక సిరామిక్ సాంద్రత సుమారు 6 గ్రాములు, అంటే ఉక్కుకు దగ్గర.

చేతితో పింగాణీ కడ్డీ చేయడం కుమ్మరి పనితనంతో కూడినది. మట్టి ఆరేటప్పుడూ కాలేటప్పుడూ పదింట ఒక వంతు లేక అంతకు పైగా కుంచించుకుపోతుంది. కాబట్టి పచ్చి మట్టిలో కావలసినదానికంటే పెద్దదిగా చేయాలి. ఎండలో త్వరగా ఆరబెడితే వంగుతుంది, కొద్దిగా వంగినా ఒక తీగ మ్రోగి పక్క తీగ మ్రోగదు. మొదటిసారి కాల్చిన తరువాత గాజుపూత పూసి, సుమారు 1200 డిగ్రీల సెంటిగ్రేడు లేక అంతకు మించిన వేడిలో మరల కాలుస్తారు. పూత కరిగినప్పుడు బట్టీ పలకకు అంటుకోకుండా, తీగలను తాకని భాగాన్ని పూత లేకుండా వదులుతారు. ఈ కడ్డీ తుప్పు పట్టదు. క్రిందపడితే మాత్రం పగిలిపోతుంది.

గౌరవములు

- 1993లో స్టీల్ గిటార్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో కెకుకు పేరును చేర్చారు.
- 2015లో ఈయన జన్మస్థలమైన లాయియెలో, పాలినేషియన్ కల్చరల్ సెంటరులో, ఈయన కాంస్య విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. ఊరు విడిచిన 111 సంవత్సరాలకు కెకుకు ఈ రూపంలో స్వగ్రామానికి చేరుకున్నాడు.