తల్లిదండ్రులిచ్చిన ఆస్తి : మహాకవి గుర్రం జాషువా

ఎకరాలూ మేడలూ ఉన్నవాళ్లు తమ పిల్లలకు వాటిని రాసిచ్చి వెళతారు. సెంటు భూమి కూడా లేని తల్లిదండ్రులు ఏమిచ్చి వెళతారు? మన హాస్టల్లో ఉన్న, ఉండి వెళ్లిన ప్రతి ఒక్కరికీ ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉంటుంది. దీనికి చక్కని జవాబు మహాకవి గుర్రం జాషువా జీవితంలో దొరుకుతుంది. జాషువా గారిని మనం తెలుగు వాచకంలో పద్యంగా చదువుకున్నాం, పరీక్షలో కవి పరిచయంగా రాశాం. ఆయనను ఒక తల్లికీ తండ్రికీ కొడుకుగా, ఒక కూతురికి తండ్రిగా చూసింది తక్కువ. ఈ వ్యాసంలో ఆ వైపు నుంచి ఆయన జీవితాన్ని మీ ముందుంచుతున్నాను.

పుట్టుక - పెంపకం

జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండ ప్రాంతంలో జన్మించారు. ఆనాటి గుంటూరు సీమలోని ఆ ఊరు ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. తండ్రి వీరయ్య యాదవ కులస్థుడు, తల్లి లింగమ్మ మాదిగ కులస్థురాలు. ఈ రోజుల్లోనే కులాంతర వివాహం చేసుకున్నవాళ్లు ఊళ్లో నిలబడటం కష్టంగా ఉంది. నూట ముప్ఫై ఏళ్ల క్రితం ఆ దంపతులు ఎన్ని మాటలు పడి ఉంటారో మనం ఊహించుకోవచ్చు.

ఆ ప్రాంతంలో అప్పటికే అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు పని చేస్తున్నారు. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని మాల మాదిగ పేటల వారికి పని, కూలి దొరికేలా చేశాడు. కరువు తగ్గుముఖం పట్టాక, 1878 జూలై 3న ఒక్కరోజులోనే 2,222 మంది గుండ్లకమ్మ ఒడ్డున బాప్తిస్మం తీసుకున్నారు. కూడు కోసం మతం మారారని కొందరు తేలికగా మాట్లాడతారు. కానీ బడి, అక్షరం, మనిషిగా పిలిచే పిలుపు ఆ పేటలకు మొదటిసారి వచ్చిన కాలం అదేనని మరచిపోకూడదు. మన గోదావరి ప్రాంతంలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు, లూథరన్లు బళ్లు పెట్టినప్పుడు మన తాతముత్తాతలకూ అటువంటి అనుభవమే కలిగింది.

వీరయ్య, లింగమ్మ తమ బిడ్డలను క్రైస్తవులుగా పెంచారు. కొడుక్కి జాషువా అని పేరు పెట్టారు. బైబిల్లో మోషే తరువాత ప్రజలను యొర్దాను నది దాటించిన యెహోషువ పేరే ఇంగ్లీషు పలుకుబడిలో జాషువా అయింది. ఆ గ్రంథంలో యెహోషువకు దేవుడు మళ్లీ మళ్లీ చెప్పేది ఒకటే, ధైర్యంగా ఉండమని. ఆ పేరు పెట్టినప్పుడు తల్లిదండ్రుల మనసులో ఏముందో మనకు తెలియదు గానీ, కొడుకు మాత్రం ఆ పేరుకు తగినవాడే అయ్యాడు.

బడిలో చేరగానే కులం పేరుతో దూషణలు మొదలయ్యాయి. తోటి పిల్లలు వెక్కిరించారు, పాఠం చెప్పే పంతుళ్లూ చిన్నచూపు చూశారు. జాషువా తలవంచుకుని ఇంటికి పోయే రకం కాదు. అన్నవాడికి అక్కడికక్కడే జవాబు చెప్పేవాడు. తక్కువవాడిననే భావం ఇంట్లో నేర్పి ఉంటే ఆ బాలుడికి అంత తెగువ వచ్చేది కాదు. దేవుని ముందు అందరూ సమానమే అన్న మాటను ప్రార్థనలో విని, దాన్ని బడి మెట్ల మీద కూడా నిజమని నమ్మిన పిల్లవాడు ఆయన.

రెండు గోడల మధ్య

జాషువాకు చిన్నప్పటి నుంచి బొమ్మలు గీయడం, పాడటం ఇష్టం. బాల్యమిత్రుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి స్నేహంతో పద్యం మీద మక్కువ పెరిగింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర కాళిదాసు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. పేటలో పుట్టిన క్రైస్తవ కుర్రవాడు సంస్కృత కావ్యాలు చదవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఇక్కడే ఆయనకు రెండు వైపుల నుంచీ దెబ్బ తగిలింది. వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, అంటరానివాడిని సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవ చేశారు. మరోవైపు క్రైస్తవుడై ఉండి పురాణాలు, హిందూ కావ్యాలు చదవడం ఏమిటని సంఘంలోని పెద్దలు కొందరు ముఖం చిట్లించారు. గుడివాళ్లకు కులం అడ్డమైంది, చర్చివాళ్లకు కావ్యం అడ్డమైంది. ఇంత ఇరుకులో పడినవాడు సాధారణంగా ఏదో ఒకటి వదిలేస్తాడు. జాషువా రెండింటిలో దేన్నీ వదల్లేదు. క్రీస్తును వదల్లేదు, కాళిదాసునూ వదల్లేదు.

పొట్ట కూటి కోసం

చిన్న వయసులోనే మరియమ్మ గారితో వివాహమైంది. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతంతో ఉపాధ్యాయుడిగా చేరారు. ఆ ఉద్యోగం పోయాక 1915-16లో మన రాజమండ్రి చేరుకున్నారు. అప్పట్లో సినిమాకు మాట లేదు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన ఒకరు నిలబడి కథ, సంభాషణలు గట్టిగా చదివి వినిపించాలి. జాషువా రాజమండ్రిలో ఆ పని చేశారు. వీరేశలింగం పంతులు గారు ఇంకా జీవించి ఉన్న ఆ రాజమండ్రిలో, చీకటి హాల్లో నిలబడి తెర మీది మూగబొమ్మలకు గొంతు ఇచ్చిన కుర్రవాడు తరువాతి కాలంలో మూగగా బతుకుతున్న కోట్ల మందికి గొంతు అయ్యాడు. గోదావరి వాళ్లమైన మనకు ఇది గుర్తుపెట్టుకోదగ్గ విషయం.

ఆ తరువాత గుంటూరులో లూథరన్ చర్చి వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో సుమారు పదేళ్లు పని చేశారు. 1928 నుంచి 1942 వరకు గుంటూరులోనే ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడిగా ఉన్నారు. ఉద్యోగం చేస్తూనే ఉభయభాషాప్రవీణ పట్టం సంపాదించారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో యుద్ధ ప్రచారకుడిగా, 1957-59లో మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా కూడా చేశారు. దొరికిన ఏ పనినీ చిన్నతనంగా భావించలేదు.

పద్యమే ఆయుధం

1932లో వచ్చిన ఫిరదౌసి ఆయనకు పెద్ద పేరు తెచ్చింది. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానన్న గజనీ సుల్తాను చివరకు వెండి నాణేలు పంపి పర్షియన్ కవిని మోసగించిన కథ అది. మాట తప్పిన రాజు కంటే మోసపోయిన కవి గొప్పవాడని చెప్పిన కావ్యం.

1941లో గబ్బిలం వచ్చింది. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు ప్రియురాలికి మేఘంతో కబురు పంపుతాడు. జాషువా కావ్యంలో తంజావూరులో ఉన్న ఒక అంటరాని పేదవాడు కాశీలోని శివుడికి గబ్బిలంతో తన గోడు చెప్పి పంపుతాడు. అతనికి గుడిలో అడుగుపెట్టే హక్కు లేదు. గబ్బిలానికి ఉంది. అది గుడి కప్పుకు వేలాడుతూ దేవుడి చెవి దగ్గర మాట్లాడగలదు. చదువుకున్నవాళ్లంతా మెచ్చే సంస్కృత కావ్య పద్ధతినే తీసుకుని, ఆ చదువు తమదేననుకున్నవాళ్ల ముందే అంటరానితనాన్ని నిలదీశారు. చిన్నప్పుడు కాళిదాసును చదవవద్దన్నవారి మాట విని ఉంటే ఈ కావ్యం మనకు దక్కేది కాదు.

తీర్థాలకు మన ఊళ్లలో వేసే సత్యహరిశ్చంద్ర నాటకంలో కాటిసీను చూసే ఉంటారు. అందులో నటులు రాగాలు తీస్తూ పాడే శ్మశానం పద్యాలు జాషువా గారివే. అవి ఆయనవని తెలియకుండానే మన పెద్దవాళ్లు పొలంలో పాడుకుంటారు. కవికి అంతకంటే ఏం కావాలి?

ఆయన వయసు మళ్లిన తరువాత రాసిన గ్రంథం క్రీస్తు చరిత్ర. తల్లిదండ్రులు పసితనంలో చెప్పిన క్రీస్తు కథను తెలుగు పద్యంలో, తెలుగు నుడికారంలో కావ్యంగా మలిచారు. ఆనాడు ఎదురైన ఇరు పక్షాలకూ ఇదే ఆయన ఇచ్చిన సమాధానమని నాకనిపిస్తుంది. ఆ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అదే ఏడాది ఆయన రాష్ట్ర శాసనమండలి సభ్యులయ్యారు. 1970లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో, భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో సత్కరించాయి. మన కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు, తిరుపతి వేంకట కవులలో ఒకరు, స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. సభలోకి రానివ్వని పాదాన్ని అంతటి పండితుడు తాకి గౌరవించాడంటే, దాని వెనుక ఎన్నేళ్ల కష్టం ఉందో ఆలోచించండి. 1971 జూలై 24న జాషువా గుంటూరులో కన్నుమూశారు.

తండ్రి నుంచి కూతురికి

జాషువా జీవితం పద్మభూషణ్ దగ్గర ముగిసిపోదు. 1932లో, అంటే ఫిరదౌసి వచ్చిన ఏడాదే, ఆయనకు హేమలత జన్మించారు. ఆమె 1960లో లవణం గారిని వివాహం చేసుకున్నారు. లవణం ప్రసిద్ధ నాస్తికుడు గోరా కుమారుడు. గోరా అంటే గోపరాజు రామచంద్రరావు గారు. మనవాళ్లు ఎందరో చదివిన కాకినాడ పి.ఆర్. కాలేజీలో అధ్యాపకుడిగా ఉండి, దేవుడి గురించిన తన అభిప్రాయాలను రాసినందుకు 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నవాడు.

క్రైస్తవ కవి ఇంట్లో పుట్టిన బిడ్డ నాస్తికుల ఇంటి కోడలైంది, తరువాత నాస్తికురాలిగానే పేరు పొందింది. కొందరు తల్లిదండ్రులకు ఇది ఓటమిగా కనిపించవచ్చు. మన విశ్వాసం మన బిడ్డ దగ్గర ఆగిపోయిందే అని బాధపడేవాళ్లను నేనూ చూశాను. ఆ బాధను తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. అయితే హేమలత గారు చేసిన పని చూడండి.

బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం పేరు చెబితేనే జనం భయపడేవారు. బ్రిటిష్ వాళ్లు నేరస్థ జాతి అని ముద్ర వేసిన ఎరుకల వారిని అక్కడ సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో ఉంచారు. స్వతంత్రం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయినా ముద్ర పోలేదు. హేమలత, లవణం దంపతులు 1970ల నుంచి ఆ ఇళ్లకు వెళ్లారు. వాళ్లను మనుషులుగా పలకరించి, వేరే బతుకు బతకడానికి దారి చూపారు. తరువాత నిజామాబాద్ జిల్లాలో జోగినులుగా మార్చిన ఆడపిల్లల కోసం ఏళ్ల తరబడి పని చేశారు. జోగిని, దేవదాసి ఆచారాలను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1988లో చట్టం చేసింది. చట్టం రావడంతో ఆమె పని ఆగలేదు. తండ్రి మీద ప్రేమతో మా నాన్నగారు అనే పుస్తకం రాశారు. 2008 మార్చి 19న మరణించారు.

వెలివేయబడినవారి మధ్యకు వెళ్లడం, ఎవరూ ముట్టనివారితో కలిసి భోంచేయడం, పడిపోయిన స్త్రీని రాళ్లతో కొట్టకుండా చెయ్యి పట్టి లేపడం. ఇవన్నీ ఎవరి కథలోవో ఆదివారం బడికి వెళ్లినవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. క్రీస్తు చరిత్ర రాసిన తండ్రి కూతురికి అవి తెలియకుండా ఎలా ఉంటాయి? ప్రార్థన ఆమె దగ్గర ఆగి ఉండవచ్చు. ఆ ప్రార్థనలోని కరుణ ఆగలేదు. లింగమ్మ, వీరయ్య దంపతులు కొడుక్కి ఇచ్చిన నిబ్బరం మూడో తరంలో స్టూవర్టుపురం గుడిసెల దాకా నడిచి వెళ్లింది.

మన మాట

మిత్రులారా, మనలో చాలామంది ఇళ్లలో ఆదివారం వచ్చిందంటే అమ్మ ఉతికిన చీర కట్టుకుని చర్చికి బయలుదేరుతుంది. సర్టిఫికెట్‌లో రాసేది ఒకటి, ఇంట్లో గోడకు ఉన్న వాక్యం మరొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని వర్తింపజేశారు. క్రైస్తవం తీసుకున్న దళితులను మన రాష్ట్రంలో బీసీ-సి కింద లెక్కిస్తారు. పేటలో ఎదురయ్యే వివక్ష మాత్రం ఎవరు ఏ మతమని అడిగి రాదు. రెండు గోడల మధ్య నిలబడటం ఎలా ఉంటుందో జాషువా గారికి తెలిసినట్టే మనకూ కొంత తెలుసు.

మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను. మా అమ్మకు చదువు రాదు. వాక్యం చదివి పెట్టమని నాకే ఇచ్చేది. నేను చదివితే ఆమె కళ్లు మూసుకుని వినేది. తెలుగును తప్పు లేకుండా, నిదానంగా చదవడం నాకు అక్కడే అబ్బింది. ఎం.ఏ. తెలుగులో చేరడానికి ఆ చదువే పునాది అయిందని ఇప్పుడు అర్థమవుతోంది. ఆస్తి అంటే ఇదేనేమో.

జూనియర్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాదొక విన్నపం. మీ అమ్మానాన్నలు మీకిచ్చిన నమ్మకాన్ని ఎవరో నవ్వారని దాచుకోకండి. దాని పేరు చెప్పి ఒక పుస్తకాన్నీ, ఒక మనిషినీ దూరం పెట్టకండి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు వాళ్లు ఏ కష్టంలో ఏది పట్టుకుని నిలబడ్డారో అడిగి తెలుసుకోండి. రేపు మీరు తల్లిదండ్రులైన రోజున మీ పిల్లలకు చెప్పడానికి అదే పనికొస్తుంది. మన హాస్టల్ లైబ్రరీలో గబ్బిలం ఉంటే ఈ సెలవుల్లోపు తప్పక చదవండి. లేకపోతే పూర్వ విద్యార్థులు తలా కొంత వేసుకుని గబ్బిలం, క్రీస్తు చరిత్ర, జాషువా ఆత్మకథ నా కథ కొని ఇక్కడ ఉంచాలని ఈ వార్షికోత్సవ సందర్భంగా కోరుతున్నాను. నా వంతుగా మొదటి పుస్తకం నేను తెస్తాను.

- ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (తెలుగు), రామచంద్రపురం