నాడీకణాన్ని విడిగా చూసిన కహాల్

నాడీకణం బొమ్మ గీసి భాగాలు గుర్తించమని పదో తరగతిలో మనందరినీ అడిగారు. గీశాం, మార్కులు తెచ్చుకున్నాం. ఆ కణం పక్కదానితో అతుక్కోకుండా విడిగా ఉంటుందని చూపిన శాంటియాగో రామోన్ ఇ కహాల్ పేరు మాత్రం మేము పీజీకి వచ్చేదాకా వినలేదు.

కహాల్ 1852 మే 1న స్పెయిన్‌లోని ఒక కొండపల్లెలో పుట్టారు. తండ్రి బీదరికంలోంచి కష్టపడి చదివి వైద్యుడైన మనిషి. కొడుక్కేమో బొమ్మల పిచ్చి. చదవడం లేదని తండ్రి ఆయన్ని శిక్షగా చెప్పులు కుట్టే పనిలో పెట్టారు. మనలో కొందరి ఇళ్లలో అది కూడు పెట్టిన పని. శిక్ష అని చదివి మేము కాసేపు పుస్తకం మూశాం. కహాల్ మాత్రం ఆ పని బాగా నేర్చుకున్నారు. చివరికి 1868లో తండ్రే శ్మశానం నుంచి ఎముకలు తెచ్చి, వీటిని గీయమన్నారు. బొమ్మల పిచ్చి అలా వైద్యంలోకి దారితీసింది. 1873లో పట్టా పొంది, సైనిక వైద్యుడిగా క్యూబా వెళ్లి, మలేరియాతో తిరిగొచ్చారు. సైన్యంలో దాచిన జీతంతో మైక్రోస్కోపు కొన్నారు.

నాడీమండలమంతా ఒకే వల అని అప్పట్లో చాలామంది నమ్మేవారు. ఇటలీ శాస్త్రవేత్త గోల్జీ 1873లో కనిపెట్టిన వెండి రంగు పద్ధతిలో వేల కణాల మధ్య కొన్ని మాత్రమే నల్లబడి పూర్తిగా కనిపిస్తాయి. 1887లో కహాల్ దాన్ని చూశారు. అయితే ఎదిగిన మెదడులో పోగుల మీద మైలిన్ పొర ఉండటంతో రంగు సరిగా పట్టదు. పైగా అంతా చిక్కు. బీరపాదు పందిరంతా అల్లుకున్నాక ఏ తీగ ఏ మొదలుదో ఎవరు చెప్పగలరు? రెండాకులప్పుడే చూడాలి. అందుకే ఆయన గుడ్డులోని కోడిపిండాన్ని, అప్పుడే పుట్టిన జీవులను తీసుకున్నారు. ఒక్కో కణం ఆకారం వేరు, కొమ్మలు వేరు, ప్రతి కొమ్మా పక్క కణాన్ని తాకేంత దగ్గరకు వెళ్లి ఆగిపోతోంది!

1888 మేలో సొంత డబ్బుతో పత్రిక పెట్టి 60 కాపీలు అచ్చు వేశారు. స్పానిష్ చదివేదెవరు? 1889లో స్లైడ్లు మూటగట్టుకొని బెర్లిన్ సభకు వెళ్లారు. 72 ఏళ్ల కోలికర్ మైక్రోస్కోపులో చూసి ఒప్పుకున్నారు. ఆ వయసులో స్పానిష్ నేర్చుకున్నారు కూడా.

1890లో కోడిపిండపు వెన్నుపాములో, పెరుగుతున్న ఆక్సాన్ కొసన శంఖువులాంటి ఉబ్బును గుర్తించారు. దారి వెతుక్కుంటూ ముందుకు సాగే కొన ఇదేనని చనిపోయిన కణజాలపు ముక్కలు చూసే చెప్పారు. హారిసన్ 1907లో కప్ప పిండపు కణాల్లో ఆ పెరుగుదలను బతికుండగానే చూశారు.

1906లో నోబెల్ బహుమతి కహాల్, గోల్జీ ఇద్దరికీ కలిపి వచ్చింది. విచిత్రమేమంటే గోల్జీ తన ప్రసంగంలో కూడా వల వాదాన్నే సమర్థించారు. కహాల్ 1934 అక్టోబరు 17న మాడ్రిడ్‌లో కన్నుమూశారు. రెండు నాడీకణాల మధ్య సందు, మిల్లీమీటరులో సుమారు యాభై వేలవ వంతు, 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కనిపించింది.