ఉష్ణమాపకానికి గొడుగు పట్టిన స్టీవెన్‌సన్

దీపస్తంభాల నిర్మాణంలో పేరుగాంచిన ఇంజినీరు థామస్ స్టీవెన్‌సన్ 1818లో ఎడిన్‌బరోలో జన్మించారు. ‘ట్రెజర్ ఐలాండ్’ రచయిత రాబర్ట్ లూయీ ఆయన కుమారుడే. అతడు కుటుంబ వృత్తిని కాదని సాహిత్యం వైపు మళ్లడం తండ్రిని బాధించింది. లోకానికి నేడు కుమారుడే ఎక్కువ తెలుసు.

ఎండ తగిలిన ఉష్ణమాపకం గాలి వేడిని కాక, తాను వేడెక్కిన తీరును చూపుతుంది. దీనికి విరుగుడుగా 1864లో ఆయన తెల్లరంగు వేసిన చెక్కపెట్టెను ప్రతిపాదించారు. రెండు వరుసల వాలు పలకలే దాని గోడలు. ఎండ లోపలికి రాదు, గాలి మాత్రం ఆడుతుంది.

1887లో ఆయన కన్నుమూశారు. భారత్‌లోని ఎన్నో వాతావరణ కేంద్రాల్లో నేటికీ ఉష్ణమాపకాలు అలాంటి పెట్టెల్లోనే, నేలకు సుమారు 1.2 మీటర్ల ఎత్తున ఉంటాయి. వడగాలులను నిర్ధారించేది ఆ నీడలోని అంకెతోనే. మణికట్టుకున్న స్పోర్ట్స్ వాచీ ఒంటి వేడినీ కలుపుకొని చూపుతుంది. దాన్ని విప్పి, గాలి ఆడే నీడపట్టున కాసేపు వేలాడదీస్తే అంకె వాస్తవానికి చేరువవుతుంది.